ఆలయ ప్రతిష్ఠిత పండుగ: హనుక్కా చరిత్ర, ఆచారము, మన ప్రసంగవేదిక

యోహాను సువార్త 10వ అధ్యాయము 22, 23 వచనములలో ఒక పండుగ పేరు, ఒక ఋతువు పేరు, ఒక మంటపము పేరు వరుసగా వస్తాయి. ఆలయ ప్రతిష్ఠిత పండుగ, శీతకాలము, సొలొమోను మంటపము. మన అరువది ఆరు పుస్తకములలో ఈ పండుగను పేరు పెట్టి చెప్పిన చోటు ఇదొక్కటే. ఈ అధ్యాయముపై మన సంఘములలో ప్రసంగములకు కొదువ లేదు. మంచి కాపరిని గూర్చి చెబుతాము, గొఱ్ఱెలు స్వరము వినుటను గూర్చి చెబుతాము, తండ్రి కుమారుల ఏకత్వమును గూర్చి చెబుతాము. ఈ రెండు వచనములను మాత్రము దాటిపోతాము. చలికాలము గనుక ప్రభువు మంటపము క్రింద నడిచాడని ఒక మాట అని ముందుకు సాగుతాము.

ఇది బోధకుల అశ్రద్ధ అని మేము అనము. పండుగ పుట్టిన కథ మన చేతిలోని తెలుగు బైబిలులో లేదు. మలాకీకి మత్తయికి మధ్య ఒక తెల్ల కాగితము ఉంటుంది. ఆ కాగితము వెనుక దాదాపు నాలుగు వందల యేండ్లు ఉన్నవి. కతోలిక సహోదరుల తెలుగు బైబిలులో మక్కబీయుల గ్రంథములు రెండును ఉన్నవి. లూథరు 1534లో వెలువరించిన జర్మను బైబిలులో వీటిని రెండు నిబంధనల నడుమ ఉంచాడు, లేఖనములతో సమానము కావు గాని చదువుటకు మేలైనవి అన్నాడు. గోదావరి తీరములో లూథరు పేరున నడుస్తున్న సంఘములలో సైతము వీటిని తెరచి చూచినవారు తక్కువే. ఆ కథ తెలియకుండ యోహాను 10 బోధిస్తే ప్రభువు మీదికి రాళ్లెత్తినవారు ఎందుకు ఎత్తారో అర్థము కాదు. అర్థము కానప్పుడు వారిని ఊరికే దుష్టులుగా చూపించి సరిపెట్టుకుంటాము. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము అదే.

పేరు, దాని వెనుక చరిత్ర

హనుక్కా అనే హెబ్రీ మాటకు ప్రతిష్ఠ అని అర్థము. సంఖ్యాకాండము 7లో పన్నెండుగురు ప్రధానులు పన్నెండు దినములు అర్పణలు తెచ్చిన బలిపీఠ ప్రతిష్ఠకు, నెహెమ్యా 12లో ప్రాకార ప్రతిష్ఠకు, 30వ కీర్తన శీర్షికలోని మందిర ప్రతిష్ఠకు ఇదే మాట. సామెతలు 22:6లో పిల్లవానిని దారిలో పెట్టుట అనే క్రియ కూడ ఈ ధాతువు నుండి వచ్చినదే. యోహాను వాడిన గ్రీకు మాట ఎన్‌కైనియ. అందులో ‘క్రొత్త’ అనే అర్థము ఇమిడి ఉన్నది.

మా కోనసీమలో ఈ మాటకు నిఘంటువు అక్కరలేదు. కొత్తపేట వైపు వెళ్ళినా రాజోలు వైపు వెళ్ళినా మందిర ప్రతిష్ఠ అంటే ఏమిటో పల్లెలో పిల్లవానికి కూడ తెలుసు. రిబ్బను, శిలాఫలకము, దైవజనుల వరుస, మధ్యాహ్నము భోజనములు, తరువాత యేటేట వార్షికోత్సవము. అయితే మనము ప్రతిష్ఠించేది క్రొత్త కట్టడమును. హనుక్కా జ్ఞాపకము చేసుకొనేది పాడుచేయబడిన పాత ఆలయమును తిరిగి ప్రతిష్ఠించుట.

అలెగ్జాండరు క్రీ.పూ. 323లో చనిపోయిన తరువాత అతని సేనాధిపతులు రాజ్యమును పంచుకున్నారు. యూదయ మొదట ఐగుప్తులోని టొలెమీల చేతిలో ఉండి, క్రీ.పూ. 200 ప్రాంతములో సిరియాలోని సెలూకీయుల వశమైనది. క్రీ.పూ. 175లో నాలుగవ అంతియొకస్ సింహాసనమెక్కాడు. తన నాణెములపై తన పేరు ప్రక్కన ‘థెయోస్ ఎపిఫానెస్’, అనగా ‘ప్రత్యక్షమైన దేవుడు’ అని ముద్రించుకున్నాడు. అతనిని ఎపిమానెస్, అనగా పిచ్చివాడు, అని వెక్కిరించినవారూ ఉన్నారని పొలీబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు తెలియజేశాడు. ఈ బిరుదును చదువరులు గుర్తుంచుకోవలెను, తరువాత దీనితో పని ఉన్నది.

కథను ఇక్కడ దుష్టరాజు, భక్తిగల ప్రజ అని రెండు ముక్కలలో చెప్పుట అలవాటు. రెండవ మక్కబీయుల గ్రంథము అలా చెప్పదు. కీడు యెరూషలేము లోపలే, యాజక కుటుంబములోనే మొదలైనది. ప్రధానయాజకుడైన ఓనియా సహోదరుడు యాసోను 440 తలాంతుల వెండి ఇస్తానని రాజుతో బేరమాడి ఆ పదవిని కొన్నాడు. పట్టణములో గ్రీకు వ్యాయామశాల కట్టుకొనే అధికారము కొరకు మరి 150 తలాంతులు ఒప్పుకున్నాడు. మూడేండ్ల తరువాత మెనెలాసు అనేవాడు అతనికంటె 300 తలాంతులు ఎక్కువ పాడి పదవి లాగుకున్నాడు. చెరువు వేలము, కొబ్బరితోట వేలము చూచినవారికి ఈ లెక్క సులభముగా అర్థమవుతుంది. జోసీఫస్ వ్రాసిన దానిని బట్టి యాసోను అసలు పేరు యేషూవ. రాజసభలో చెల్లుబాటు కొరకు గ్రీకు పేరు పెట్టుకున్నాడు. సున్నతి గుర్తును మాపుకున్న యువకులు కూడ ఉన్నారని మొదటి మక్కబీయుల గ్రంథము చెబుతున్నది.

క్రీ.పూ. 168లో ఐగుప్తు మీదికి వెళ్ళిన అంతియొకస్‌ను రోమా దూత వెనుకకు మళ్ళించాడు. అవమానముతో తిరిగివచ్చిన రాజు, అప్పటికే తమలో తాము కొట్టుకొనుచున్న యెరూషలేము మీద పడ్డాడు. క్రీ.పూ. 167లో సున్నతి, విశ్రాంతిదినము నిషేధించబడినవి. ధర్మశాస్త్రపు చుట్టలు చింపి కాల్చబడినవి. పిల్లలకు సున్నతి చేయించిన తల్లులు చంపబడ్డారు. ఆలయ బలిపీఠము మీద అన్యబలిపీఠము కట్టి, కిస్లేవు మాసము 25వ దినమున దానిపై బలి అర్పించారు. దానియేలు 11, 12 అధ్యాయములలోని హేయవస్తువు ఇదేనని వ్యాఖ్యాతలలో అనేకులు ఎంచుతారు.

మోదీను అనే పల్లెలో మత్తతియ అనే వృద్ధ యాజకుడు అన్యబలిని నిరాకరించి, బలి అర్పించవచ్చిన తోటి యూదుని, రాజు అధికారిని చంపి, అయిదుగురు కుమారులతో కొండలకు వెళ్ళాడు. విశ్రాంతిదినమున యుద్ధము చేయమని గుహలలో నిలిచిన సుమారు వెయ్యిమంది ఎదురు తిరుగకయే చనిపోయారు. ఆ వార్త విన్న తరువాతనే, విశ్రాంతిదినమైనను ప్రాణరక్షణకు పోరాడవచ్చునని మత్తతియ పక్షము తీర్మానించుకున్నది. మత్తతియ చనిపోగా కుమారుడు యూదా మక్కబీ నాయకుడై ఎమ్మాయు, బేత్సూరు దగ్గర సెలూకీయ సేనలను ఓడించి, క్రీ.పూ. 164లో ఆలయ పర్వతము ఎక్కాడు. ఆవరణములో అడవిలో వలె తుప్పలు మొలిచి ఉన్నవి. అపవిత్రమైన బలిపీఠపు రాళ్లను ఏమి చేయవలెనో వారికి తెలియలేదు. పారవేయుటకు మనసు రాదు, వాడుటకు వీలు లేదు. ఒక ప్రవక్త వచ్చి చెప్పువరకు వాటిని ఒక ప్రక్కన భద్రపరచి, క్రొత్త రాళ్లతో బలిపీఠము కట్టారు. అదే కిస్లేవు 25న బలి అర్పించి ఎనిమిది దినములు ఆచరించారు.

నూనె బుడ్డి ఎక్కడిది?

మన ప్రసంగములలో హనుక్కా అనగానే వచ్చేది నూనె అద్భుతము. ఒక్క దినమునకు సరిపడు నూనె ఎనిమిది దినములు వెలిగినదని చెబుతాము. ఈ మాట మక్కబీయుల గ్రంథములు రెంటిలోను లేదు. ఎనిమిది దినములకు రెండవ గ్రంథము (10:6) వేరే కారణము చెబుతున్నది: కొండలలో, గుహలలో దాగి ఉన్నందున ఆ యేడు పర్ణశాలల పండుగ చేసుకోలేకపోయారు, గనుక ఖర్జూరపు మట్టలు పట్టుకొని ఆలస్యముగా దానిని ఆచరించారు. ఐగుప్తులోని యూదులకు వ్రాసిన ఉత్తరములో దీనిని కిస్లేవు మాసపు పర్ణశాలల పండుగ అనే పిలిచారు. మొదటి శతాబ్దములో జోసీఫస్ దీనిని ‘దీపములు’ అని పేర్కొన్నాడు గాని ఆ పేరు ఎందుకు వచ్చిందో తన ఊహ మాత్రమే వ్రాశాడు. నూనె బుడ్డి కథ ఆ తరువాత శతాబ్దములకు సంకలనమైన బబులోను తల్మూదులో, షబ్బాత్ భాగములో ఉన్నది. ప్రధానయాజకుని ముద్ర గల ఒక్క బుడ్డి దొరికిందని అక్కడ చెప్పబడినది.

ఎందుకీ మార్పు? మక్కబీయుల సంతతి, అనగా హస్మోనీయులు, తరువాత ఏమి చేశారో చూస్తే కొంత తెలుస్తుంది. క్రీ.పూ. 142లో స్వాతంత్ర్యము సంపాదించారు. సున్నతి మానుమని బలవంతపెట్టబడినవారి మనుమడైన యోహాను హిర్కాను ఇదూమీయులను జయించి సున్నతి పొందుడని బలవంతపెట్టాడు. అలెగ్జాండరు యన్నై తనకు ఎదురుతిరిగిన ఎనిమిది వందలమంది యూదులనే సిలువ వేయించాడని జోసీఫస్ వ్రాశాడు. ఆ ఇదూమీయులలోనుండే హేరోదు వచ్చాడు. యేసు నడిచిన ఆలయమును విస్తరించి కట్టినవాడు అతడే. ఈ రాజవంశపు విజయమును పొగడుటకు రబ్బీలకు మనసు రాలేదని, రోమా పాలనలో అది క్షేమము కూడ కాదని పండితులు తలంచుతారు. కత్తి కథ వెనుకకు వెళ్ళి దీపము కథ ముందుకు వచ్చినది. పండుగ మధ్యలోని విశ్రాంతిదినమున జెకర్యా 2 నుండి 4 వరకు గల భాగమును చదువుట కూడ ఆ దృష్టితోనే అని మా అభిప్రాయము. శక్తి చేతను కాక ఆత్మ చేత అని జెరుబ్బాబెలుకు వచ్చిన మాట ఉన్నది అక్కడే.

ఆచారముల విషయము. కిస్లేవు 25 అంటే మన లెక్కలో దాదాపు బహుళ దశమి, ఏకాదశి. పండుగ అక్కడ మొదలై అమావాస్య దాటిన తరువాత ముగుస్తుంది, అనగా నెలలో మిక్కిలి చీకటి రాత్రులు ఇవే. మొదటి రాత్రి ఎనిమిది దీపములు వెలిగించి రోజుకొకటి తగ్గించవలెనని షమ్మాయి పక్షము, ఒకటితో మొదలుపెట్టి పెంచవలెనని హిల్లేలు పక్షము వాదించినవి. హిల్లేలు మాట నిలిచినది. దీపస్తంభమునకు తొమ్మిది దీపములు ఉంటాయి, తొమ్మిదవది మిగిలిన వాటిని వెలిగించే సేవక దీపము. ప్రత్యక్షగుడారములోని ఏడు కొమ్మల దీపవృక్షము వేరు, ఇది వేరు. ఈ మధ్య మన వేదికల మీద ఏడు కొమ్మల ఇత్తడి స్తంభము పెట్టి హనుక్కా అంటున్నవారు ఈ సంగతి గమనించవలెను. పండుగ దీపపు వెలుతురులో పని చేయరాదు, లెక్కలు చూచుకోరాదు, చూచి స్తుతించుటకే అది. దానిని వీధి గుమ్మము దగ్గర పెట్టవలెను, అపాయకాలములో బల్ల మీద పెట్టుకొనిన చాలునని తల్మూదు ఒక సడలింపు ఇచ్చింది. యూదుల చరిత్రలో ఆ సడలింపు ఎన్నిసార్లు వాడబడిందో లెక్క లేదు. మన దేశములో కూడ 2008 నవంబరులో ముంబయి నారిమన్ హౌస్‌లో ఏమి జరిగిందో మనకు తెలుసు.

ఎనిమిది దినములు 113 నుండి 118 వరకు కీర్తనలు పాడతారు, సంఖ్యాకాండము 7 చదువుతారు. నూనెలో వేయించిన బంగాళాదుంప అట్లు, లోపల తీపి పెట్టిన రొట్టె ఉండలు చేసుకుంటారు. మన బూరెలు తిన్నవారికి ఇందులో వింత లేదు. పిల్లలు నాలుగు హెబ్రీ అక్షరములు గల బొంగరము తిప్పుతారు.

మన దేశపు యూదులు, మన భాష మాటలాడే యూదులు

కొంకణ తీరములోని బెనె ఇశ్రాయేలీయులు గానుగ ఆడించి నూనె అమ్మి బ్రదికారు. శనివారము గానుగ ఆపుతారు గనుక ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార్ తేలీ’ అన్నారు. అంతియొకస్ హింసకు పారిపోయిన పూర్వికులు ఓడ పగిలి ఇక్కడ చేరారని వారిలో ఒక పరంపర ఉన్నది. అయినా హనుక్కా ఆచారము మొదట వారికి లేదు, తరువాత కాలములో ఇతర యూదులనుండి నేర్చుకున్నారు. తమవారు ఆ ప్రతిష్ఠ జరుగకముందే వచ్చారనుటకు దీనినే నిదర్శనముగా చూపుతారు. దీనిని రూఢిపరచే ఆధారము లేదు గాని, పండుగ లేకపోవుటయే గుర్తుగా మారిన సంగతి ఆశ్చర్యకరమైనది. కొచ్చిన్ యూదుల ఇండ్లలో గోడకు తగిలించే ఇత్తడి హనుక్కా దీపములు ఉండేవి. వారి సమాజమందిరపు గాజు దీపములలో పోసినది మనకు బాగా తెలిసిన కొబ్బరినూనెయే.

తెలుగువారికి ఇంకా దగ్గరి సంగతి గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రక్కన కొత్తరెడ్డిపాలెములో ఉన్నది. మాదిగ కులములో పుట్టి, క్రైస్తవ సంఘములలో పెరిగిన కొన్ని కుటుంబములవారు తాము ఎఫ్రాయిము గోత్రికులమని, బెనె ఎఫ్రాయిము అని చెప్పుకొని, 1991 నుండి అక్కడ సమాజమందిరము నడుపుకుంటున్నారు. వారి నాయకులలో ఒకరైన శ్మూయేలు యాకోబి మునుపు క్రైస్తవ బోధకుడే. హనుక్కా దీపములు తెలుగు ఇంట వెలిగేది అక్కడ. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మధ్య ఉండి 2013లో ఒక గ్రంథము వెలువరించారు. కులమును, మతమును ఎదిరించి తమ పేరు తాము పెట్టుకొనే ప్రయత్నముగా వారు దీనిని చూశారు. మణిపూరు, మిజోరాములలోని బ్నే మెనాషె వారికి ఇశ్రాయేలు ఇచ్చిన గుర్తింపు వీరికి దొరకలేదు.

కొందరు సేవకులు వీరిని గూర్చి చులకనగా మాట్లాడుట మేము విన్నాము. ఇశ్రాయేలు వెళ్ళుట కొరకే వేషము వేశారంటారు. మన తాతలు సంఘములో చేరినప్పుడు పాలపొడి కొరకు చేరారని ఊరివారు అన్నారు. ఆ మాట పడినవారి మనుమలు దానిని మరియొకరి మీద వేయుట తగునా? వారి వంశచరిత్రను మనము ఒప్పుకోనక్కరలేదు. వారు మెస్సీయను గూర్చి మనతో ఏకీభవించరు. అయినా తన దేవుడెవరో, తన పేరేదో తానే చెప్పుకొనే హక్కు మీదనే హనుక్కా కథ నిలిచి ఉన్నది.

పేరు మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గాని క్రైస్తవులకు కాదు. ఎస్సీ కులములనుండి వచ్చిన క్రైస్తవులను మన రాష్ట్రములో బీసీ-సి లో చేర్చారు. దీని ఫలితము అమలాపురము నుండి సఖినేటిపల్లి వరకు ప్రతి పాస్టరుకు తెలిసినదే: బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్టులో ఒక పేరు. యాసోను కథ చదివిన విద్యార్థి వెంటనే ఇది అదే కదా అనవచ్చును. కాదు అని మా నిశ్చయము. యాసోను పదవి కొనుటకు పేరు మార్చుకున్నాడు, వీరు పిల్లవాని ఫీజు కొరకు, ఉద్యోగము కొరకు దాచుకుంటున్నారు. వీరు గుహలలో దాగినవారికి దగ్గర. కాని రెండవ మక్కబీయులు 6వ అధ్యాయములో తొంబది యేండ్ల ఎలియాజరు ఉన్నాడు. పంది మాంసము తినునట్లు నటించి, నీవు తెచ్చుకొన్న మాంసము తిని బ్రదుకుమని స్నేహితులు చాటుగా సలహా ఇచ్చారు. పడుచువారు చూచి మోసపోతారని అతడు నటించుటకు కూడ ఒప్పుకొనక చనిపోయాడు. హెబ్రీ 11:35లో విడుదల కోరక యాతన పెట్టబడినవారు వీరేనని వ్యాఖ్యాతలు చెబుతారు. ఈ అధ్యాయమును సర్టిఫికెట్టు కొరకు తిరుగుచున్న తండ్రి ముందు ఎలా బోధించవలెను? ఎలియాజరు తన ప్రాణమును గూర్చి మాత్రమే నిర్ణయించుకున్నాడు, మరియొకని పిల్లల అన్నమును గూర్చి కాదు. మేము అంతవరకే చెప్పగలము.

సంఘములో హనుక్కా దీపములు పెట్టవచ్చునా అని అడిగేవారు పెరిగారు. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్‌ల సేవతో గోదావరి డెల్టాలో మొదలైన బ్రదరన్ సహవాసములు సంఘ పంచాంగమునే పెద్దగా పాటించవు గనుక వారికి ఈ ప్రశ్న లేదు. మిగిలినవారికి మా జవాబు: అక్కరలేదు. కార్తీక మాసము చివర అరటి దొప్పలలో దీపములు వదలుట మానుకొని వచ్చిన అవ్వకు, ఆ రోజులకు అటు ఇటుగా వేదిక మీద యూదుల దీపము పెట్టి ఇది మనదే అని చెబితే తికమక తప్ప మరేమి? పైగా అది మనది కాదు. దానిని కాపాడుకొనినవారు క్రైస్తవ రాజ్యములలో కూడ హింసపడి కాపాడుకున్నారు. దీపము అరువు తెచ్చుకొనుటకంటె కథ చదువుట మేలు. డిసెంబరు మొదటి ఆదివారము బైబిలు స్టడీలో మొదటి మక్కబీయులు 4వ అధ్యాయము చదివి, తరువాత యోహాను 10 తెరవవచ్చును.

అప్పుడు ఆ మంటపములో జరిగినది వేరుగా కనబడుతుంది. ఆ దినములలో ఆలయమునకు వచ్చినవారి మనసులో ఉన్నది విడుదల. గనుకనే నీవు క్రీస్తువైతే స్పష్టముగా చెప్పుమని చుట్టుముట్టారు, ఇంకొక మక్కబీ కొరకు వారు కనిపెట్టుచున్నారు. వారు విన్న జవాబు వేరు. మనుష్యుడవై యుండి దేవుడనని చెప్పుకొనుచున్నావన్నది వారి నేరారోపణ. ఆ పండుగ దినములలో, ఆ ఆలయములో, అలా చెప్పుకొన్న మనుష్యుడు వారికి తెలిసినవాడు ఒకడున్నాడు: నాణెముల మీద దేవుడని ముద్రించుకొన్న అంతియొకస్. వాని పేరున తమ తల్లులు చంపబడ్డారు. వారు ఎత్తిన రాళ్లలో ఆ జ్ఞాపకము కూడ ఉన్నది. వారు పొరబడ్డారని మన విశ్వాసము. అయితే హృదయకాఠిన్యము అనే ఒక్క మాటతో వారిని కొట్టివేయుట న్యాయము కాదు.

యేసు వారికి ఇచ్చిన జవాబులో, 36వ వచనములో, తండ్రి తనను ‘ప్రతిష్ఠచేసి’ లోకములోనికి పంపాడన్నాడు. గ్రీకులో 22వ వచనపు మాట, ఈ మాట ఒకటి కాదు. రెండవది పరిశుద్ధపరచుట అనే క్రియ. మన తెలుగు అనువాదకులు రెండు చోట్లను ప్రతిష్ఠ అనే మాటనే ఉంచారు. మూలమునకు అక్షరాల సరిపోదు గాని, యోహాను ఉద్దేశము ఈ తెలుగులో బాగుగా వినబడుచున్నదని మేము అనుకొనుచున్నాము: బలిపీఠము ప్రతిష్ఠించబడిన దినములలో తాను ప్రతిష్ఠించబడినవాడనని ఆయన చెప్పాడు. వారు మరల పట్టుకొనజూచినప్పుడు ఆయన తప్పించుకొని, యొర్దాను అద్దరిని, యోహాను మొదట బాప్తిస్మమిచ్చిన చోటికి వెళ్ళి అక్కడ ఉన్నాడు. అనేకులు విశ్వసించినది అక్కడ.